టైర్లు మార్పించాక స్టీరింగ్ వంకరగా నిలబడుతోంది, బండి ఎడమకి లాగుతోంది. ఎక్కడ వెతకాలి?

కొబ్బరితోట_అమలాపురం | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. నా బండి 2016 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 91 వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న గురువారం టైర్ల షాపులో ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి మార్పించి, బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానం చేయడం), అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాను. అంతకుముందు బండికి ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ చేయించే పనే కదా అని ఇచ్చాను.

ఇంటికి వస్తుంటేనే తేడా తెలిసింది. బండి నేరుగా పోతుంటే స్టీరింగ్ కుడివైపు ఒరిగి ఉంటోంది. గడియారంలో ఒంటిగంట దగ్గర ముల్లు ఉన్నట్టు. చెయ్యి వదులు చేస్తే బండి ఎడమకి వెళ్లిపోతోంది. 80 దాటితే స్టీరింగ్ చేతిలో వణుకుతోంది. శుక్రవారం చించినాడ వంతెన మీద గాలికి బండి ఊగుతుంటే, ఈ వణుకు కూడా తోడై నిజంగా భయమేసింది.

షాపుకి ఫోన్ చేస్తే "రిపోర్ట్ అంతా పచ్చగా వచ్చింది సార్, కాగితం చూసుకోండి" అన్నారు. కాగితంలో నిజంగానే అంతా పచ్చగానే ఉంది, అంటే అలైన్‌మెంట్ అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయని. వచ్చే ఆదివారం అమ్మని పాలకొల్లు క్షీరారామం తీసుకెళ్లాలి. ఈలోగా ఏం చూడాలో, ఏది ముందు చూడాలో చెప్పండి.

---

రావులపాలెం_టూరిస్ట్‌కారు | ఆదివారం, రాత్రి 9:32

మిగతావన్నీ తర్వాత. ముందు నాలుగు చక్రాల నట్లూ చూడండి, ఈ రాత్రికే. వీల్ స్పానర్ డిక్కీలో ఉంటుంది. చక్రాలు విప్పి బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి నట్లు చూసుకోవాలి. ఇది మా డ్రైవర్లందరికీ పాఠం. కొత్తగా వణుకు వచ్చిన బండిని నట్లు చూడకుండా మళ్లీ రోడ్డెక్కించకండి.

---

భీమవరం_చెరువుగట్టు | ఆదివారం, రాత్రి 9:50

నాకూ ఇలాగే అయిందండి. మిషన్ కాలిబ్రేషన్ పోయి ఉంటుంది. వేరే షాపులో ఇంకోసారి అలైన్‌మెంట్ చేయించండి, సరిపోతుంది.

---

కొబ్బరితోట_అమలాపురం | ఆదివారం, రాత్రి 10:25

రావులపాలెం గారూ, మీ మాట విని టార్చి పట్టుకుని వెళ్లి చూశాను. వెనక చక్రాలు రెండూ, ముందు కుడి చక్రం గట్టిగానే ఉన్నాయి. ముందు ఎడమ చక్రానికి నాలుగు నట్లలో రెండు నట్లు అర చుట్టు దాకా తిరిగాయి. స్పానర్ మీద పెద్దగా బరువు కూడా వేయలేదు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి నాకు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాను ఈ మూడు రోజులూ.

---

రావులపాలెం_టూరిస్ట్‌కారు | ఆదివారం, రాత్రి 10:31

కనిపెట్టారు కదా, ఇక టెన్షన్ పడకండి. ఎదురెదురు నట్లు బిగించండి, పక్కపక్కవి కాదు. జాకీ మీద లేపి చేత్తో బిగించి, చక్రం నేలకి ఆనాక గట్టిగా బిగించండి.

---

టైరాడ్_తణుకు | సోమవారం, ఉదయం 6:15

నమస్కారం. నేను 22 ఏళ్లుగా సస్పెన్షన్, స్టీరింగ్ పనులే చేస్తున్నాను. నట్ల సంగతి ముందు చెప్పిన తమ్ముడికి దండం.

భీమవరం గారూ, మీరు చెప్పింది ఇప్పుడే వద్దండి. మళ్లీ అలైన్‌మెంట్ చేయిస్తే తప్పు ఎక్కడుందో తెలిసే గుర్తులు చెరిగిపోతాయి. ఈ బండిలో ఉన్నది ఒక జబ్బు కాదు, మూడు. మూడింటినీ కలిపి "స్టీరింగ్ బాలేదు" అంటే ఎవరికీ దొరకదు. విడివిడిగా చూడాలి.

ఒకటి, వణుకు. వేగంతో పాటు వచ్చేది చాలావరకు చక్రం గుండ్రంగా తిరగకపోవడం వల్లే. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు కింద వణికితే వెనకవి. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్క్. మీది మామూలుగా పోతుంటేనే వణుకుతోంది, స్టీరింగ్‌లోనే వణుకుతోంది. కాబట్టి ముందు చక్రాల బ్యాలెన్స్ కానీ, చక్రం హబ్ మీద (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి పళ్లెం మీద) సరిగ్గా కూర్చోకపోవడం కానీ.

రెండు, లాగడం. గాలి తేడా, టైరు తేడా, బ్రేకు పట్టేయడం, అలైన్‌మెంట్. ఈ వరసలోనే చూడాలి. ఎందుకంటే మొదటివి ఇంట్లోనే, ఖర్చు లేకుండా తెలిసిపోతాయి.

మూడు, స్టీరింగ్ ఒరగడం. ఇది లాగడం కాదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. బండి నేరుగా, తనంతట తాను పోతూ స్టీరింగ్ మాత్రం వంకరగా ఉండొచ్చు. స్టీరింగ్ సరిగ్గా నిటారుగా ఉండి బండి లాగొచ్చు. ఒరగడం అంటే స్టీరింగ్ నుంచి ముందు చక్రాలకి పోయే రెండు టై రాడ్ల పొడవు సమానంగా సర్దలేదని అర్థం. లేదా వెనక ఇరుసు కొంచెం వంకరగా ఉండి బండి ఏటవాలుగా పోతోందని. కానీ మీది షాపుకి వెళ్లకముందు బాగుంది కాబట్టి వెనక ఇరుసుని ఇప్పుడు అనుమానించక్కర్లేదు. ఎక్కడ చెయ్యి పడిందో అక్కడే వెతకాలి.

రేపు పొద్దున్నే, బండి తీయకముందు, నాలుగు టైర్లలో గాలి చూసి అంకెలు ఇక్కడ రాయండి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఎంత ఉండాలో ఉంటుంది. ఒక్కసారి ఒక్కటే మార్చండి. గాలి సరిచేసి, టైర్లు మార్చి, అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో మీకూ తెలీదు, నాకూ తెలీదు.

---

లంక_టీచరమ్మ | సోమవారం, ఉదయం 7:05

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకూ కొత్త టైర్లు వేయించాక స్టీరింగ్ బరువైంది. లాగడం, వణకడం ఏమీ లేవు, పార్కింగ్‌లో తిప్పాలంటే మాత్రం రెండు చేతులూ కావాలి. రోజూ గట్టు మీద ఇరుకు రోడ్డులో స్కూలుకి వెళ్లాలి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి తీయడం కష్టంగా ఉంది. ఇది కూడా అలైన్‌మెంటేనా?

---

టైరాడ్_తణుకు | సోమవారం, ఉదయం 7:20

అమ్మా, మీది ముందు గాలి. కొత్త టైరు ఎక్కించాక స్టిక్కర్ మీద ఉన్నంత గాలి పెట్టడం మర్చిపోతుంటారు. తక్కువ గాలితో టైరు నేలకి ఎక్కువ ఆనుతుంది, నిలబెట్టి తిప్పితే బరువు. గాలి సరిగ్గా ఉన్నా బరువుగానే ఉంటే, టైరు పక్కన ఉన్న సైజు అంకెలు స్టిక్కర్ మీద అంకెలతో కలుస్తున్నాయో లేదో చూడండి. వెడల్పు టైరు వేసి ఉంటే స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇంకోటి, అరిగిపోయిన పాత టైర్ల నుంచి కొత్త టైర్లకి మారితే కొంచెం బరువు సహజం. అది కొన్నాళ్లకి అలవాటైపోతుంది.

---

కొబ్బరితోట_అమలాపురం | మంగళవారం, ఉదయం 6:40

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూశాను. స్టిక్కర్ మీద ముందు 33, వెనక 33. నా టైర్లలో ముందు ఎడమ 28, ముందు కుడి 34, వెనక రెండూ 33. ఎడమ 33 చేసి, కుడి కూడా 33కి దించి కొత్తపేట దాకా వెళ్లి వచ్చాను. లాగడం తగ్గింది, పోలేదు. ఇదివరకు వెంటనే పక్కకి పోయేది, ఇప్పుడు మెల్లగా పోతోంది. స్టీరింగ్ మాత్రం అలాగే ఒరిగి ఉంది. నట్లు బిగించాక వణుకు సగం తగ్గింది, 85 దాటాక ఇంకా ఉంది.

మా రోడ్డే ఎడమకి వాలుగా ఉందేమోనని కూడా అనుమానం వస్తోంది.

---

పాలకొల్లు_టు_పూణె | మంగళవారం, ఉదయం 8:10

అనుమానం సరైనదే, కానీ సగమే. వాన నీళ్లు పోవడానికి మన రోడ్లని మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు రెండు, రెండున్నర శాతం వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ మంచి బండైనా చెయ్యి వదిలితే మెల్లగా ఎడమకి జారుతుంది. నాలుగు వరసల హైవే మీద కూడా డివైడర్ నుంచి బయటి అంచు వైపే వాలు ఉంటుంది. కాలవ గట్టు రోడ్లయితే ఇక చెప్పక్కర్లేదు. గట్టు ఎటు కుంగితే అటు పోతుంది బండి.

పరీక్ష చేయాలంటే తెల్లవారుజామున, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు, ఖాళీగా ఉన్న వెడల్పాటి రోడ్డు మీద సరిగ్గా నడిమధ్య గీత మీద కొంచెం దూరం 40, 50లో పోనివ్వండి. అక్కడ వాలు ఏ పక్కకీ ఉండదు. అక్కడ కూడా ఎడమకే పోతే తప్పు బండిది. చెయ్యి స్టీరింగ్ మీద నుంచి పూర్తిగా తీయకండి, వేళ్లు ఆనించి ఉంచండి చాలు.

---

టైరాడ్_తణుకు | మంగళవారం, ఉదయం 8:45

పూణె బాబు బాగా చెప్పాడు. నడిమధ్య కూడా లాగితే, తర్వాతి పరీక్ష టైర్లది.

మీరు వెనక టైర్లు ముందుకి తెచ్చారు. లాగడం అప్పటి నుంచే మొదలైంది. ఒక్కో టైరు లోపలి అల్లికలో చిన్న తేడా వల్ల, చూడ్డానికి బాగానే ఉన్నా, నిటారుగా దొర్లదు. గరాటుని నేల మీద పడుకోబెట్టి తోసి చూడండి, నేరుగా పోదు, చుట్టూ తిరుగుతుంది. అలాంటి టైరు వెనక ఉన్నన్నాళ్లూ మీకు తెలీదు. ముందుకి రాగానే స్టీరింగ్‌ని లాగుతుంది. దీన్ని ఏ అలైన్‌మెంట్ మిషనూ పట్టుకోలేదు. మిషన్ కొలిచేది రిమ్ము కోణాలే. టైరు ఎలా దొర్లుతుందో దానికి తెలీదు.

ముందు ఎడమ చక్రం కుడికి, కుడి చక్రం ఎడమకి మార్చండి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే మాత్రం ఈ మార్పు చేయకూడదు, ఎందుకంటే అది ఒక దిక్కుకే తిరగాలి. బాణం లేకపోతే మార్చి అదే రోడ్డు మీద వెళ్లండి. లాగడం కుడికి మారితే తప్పు టైరుది. ఎడమకే ఉంటే తప్పు బండిది. ఈ ఒక్క పరీక్షతో ఎంతోమంది అనవసరంగా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది చెయ్యి) మార్పించుకోకుండా ఆగారు.

దానికి ముందు ఇంకోటి. ఓ పది కిలోమీటర్లు తిరిగి వచ్చి నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తగలకుండా, దగ్గరగా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోంది.

---

భీమవరం_చెరువుగట్టు | మంగళవారం, ఉదయం 9:30

తణుకు గారూ, మీరన్నది ఒప్పుకుంటున్నాను. నాకు అప్పట్లో 1200 పోయాయి, ఆ తర్వాత లాగడం పోయిందని కాదు, అలవాటైపోయింది. ఇవాళ సాయంత్రం నేనూ నా టైర్లు మార్చి చూస్తాను.

ఒక మాట మాత్రం కలపాలి. మా వైపు రొయ్యల లోడు లారీలు ఐసు కరిగిన నీళ్లు కారుస్తూ పోతాయి. ఉప్పు చెరువుల నీళ్లు కూడా రోడ్ల మీదకి వస్తాయి. నా బండి కింద రెండేళ్లకే తుప్పు పొరలుగా లేచిపోయింది. ఎవరైనా బండి కింద చూసేటప్పుడు తుప్పుని లెక్కలోకి తీసుకోండి.

---

కొబ్బరితోట_అమలాపురం | బుధవారం, రాత్రి 8:20

ఇవాళ సెలవు పెట్టి మా తమ్ముడిని తోడు తీసుకుని చేశాను. రిమ్ములు నాలుగూ ఒకే వేడి. బ్రేకు తప్పు కాదు.

ముందు చక్రాలు మార్చడానికి ఎడమది విప్పాం. విప్పగానే అర్థమైంది నట్లు ఎందుకు వదులయ్యాయో. భీమవరం గారు నిన్న పొద్దున అన్నట్టు, తుప్పు. హబ్ ముఖం మీద, చక్రం ఆనే చోట, ఎర్రటి తుప్పు పెచ్చులుగా లేచి ఉంది. గోరుతో గీకితే చిన్న చిన్న పలకల్లా ఊడొచ్చింది. ఒక పక్కన అది ఇంకా మందంగా ఉంది, ఇంకో పక్కన పొడి అయి రాలిపోయింది. రిమ్ము వెనక కూడా అదే ముద్ర. ఇంకా, రిమ్ము లోపలి వైపు పిడికెడు నల్లమట్టి గడ్డ కట్టుకుపోయి ఉంది. సార్వా దమ్ములప్పుడు ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన బురద. రిమ్ము బయట పక్క తళతళా మెరుస్తోంది, లోపల ఎవరూ చూడలేదు.

తీగ బ్రష్‌తో హబ్ ముఖం మెరిసేదాకా రుద్దాను. అరగంట పట్టింది. మట్టి గీకేశాను. రెండు చక్రాలూ అటూ ఇటూ మార్చి నట్లు బిగించాం.

ఫలితం ఇది: లాగడం కుడికి మారింది! మెల్లగా, కానీ నిక్కచ్చిగా కుడికే. 90లో వణుకు చాలావరకు పోయింది, స్టీరింగ్ మీద వేళ్లు ఆనిస్తే సన్నగా తెలుస్తోంది.

---

పాలకొల్లు_టు_పూణె | బుధవారం, రాత్రి 8:55

మీరు రాసిన ఆ తుప్పు పెచ్చుల మాట చాలా ముఖ్యం. నట్టు బిగిస్తే స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) కొంచెం సాగి చక్రాన్ని హబ్‌కి అదిమి పట్టుకుంటుంది. పట్టు అంటే ఆ అదుమే. మధ్యలో తుప్పు పొర ఉంటే, నట్లు బిగించే గన్‌తో ఎంత గట్టిగా బిగించినా ఆ బలమంతా తుప్పు మీద పడుతుంది. బండి తిరిగేకొద్దీ తుప్పు నలిగి పొడవుతుంది. ఆ కాస్త మందం పోగానే సాగి ఉన్న స్టడ్ సడలిపోతుంది, నట్టు వదులవుతుంది. నట్టు తనంతట తాను తిరగక్కర్లేదు. మీకు వణుకు, నట్లు వదులవడం, రెండూ ఒకే చోట పుట్టాయి. షాపువాళ్లు గట్టిగానే బిగించి ఉండొచ్చు కూడా.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే స్పానర్) దొరికితే మంచిది. చిన్న కార్లలో మామూలుగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉన్న అంకె చూసుకోండి. హబ్ మధ్య బొడ్డు చుట్టూ గ్రీజు చాలా పలచగా రాయొచ్చు. స్టడ్ మరల మీద మాత్రం గ్రీజు, ఆయిల్ వేయకండి. మర జారుడుగా ఉంటే రెంచ్ చూపించే అంకె ఒకటి, స్టడ్ మీద పడే బలం ఇంకొకటి. ఎక్కువ సాగి తెగిపోతుంది.

---

టైరాడ్_తణుకు | గురువారం, ఉదయం 6:05

లాగడం దిక్కు మారింది, కాబట్టి టైరుదే. ఆ రెండు ముందు టైర్లలో ఒకటి. ఇప్పుడు కుడివైపున్నదాన్ని వెనక కుడికి, అక్కడిదాన్ని ముందుకి తెండి. లాగడం పోతే దొరికిందన్నమాట. పోకపోతే ఎడమ దాన్ని అలాగే చేయండి. ఆ టైరు వెనక ఉన్నంతకాలం మీకు ఏ ఇబ్బందీ లేదు, పారేయక్కర్లేదు. సుద్దతో గుర్తు పెట్టుకుని, తర్వాతసారి రొటేషన్‌లో ముందుకి రాకుండా చూసుకోండి.

మిగిలిన సన్నని వణుకుకి బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించాలి. వాళ్లు బ్యాలెన్స్ చేసినప్పుడు ఆ మట్టి గడ్డ లోపలే ఉంటే, మట్టి బరువుకి సరిపడా రిమ్ముకి సీసం ముక్కలు పెట్టి ఉంటారు. ఇప్పుడు మట్టి పోయింది, సీసం మిగిలింది.

ఇక స్టీరింగ్ ఒరగడం. దీనికి బండి కిందకి చూడాలి. చక్రం పూర్తిగా తిప్పి టార్చి వేసి చూడండి. చక్రం వెనక నుంచి లోపలికి పోయే రాడ్ కనిపిస్తుంది, టై రాడ్. దాని చివర మరలు బయటికి కనిపిస్తాయి, రాడ్ తిరగకుండా పట్టి ఉంచే ఒక లాక్ నట్ ఉంటుంది. ఎడమ పక్క ఎన్ని మరలు బయట ఉన్నాయో, కుడి పక్క ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

---

కొబ్బరితోట_అమలాపురం | గురువారం, సాయంత్రం 6:50

లెక్కపెట్టాను. ఎడమ పక్క 8 మరలు, పాతవి, తుప్పు, నల్లమట్టి అంటుకుని ఉన్నాయి. కుడి పక్క 13, అందులో చివరి నాలుగైదు కొత్తగా తళతళలాడుతున్నాయి.

ఇంకో సంగతి. కుడి లాక్ నట్ మీద చెయ్యి వేస్తే తిరిగింది. స్పానర్ లేదు, వట్టి వేళ్లతో. ఎడమది స్పానర్ వేసినా కదల్లేదు.

---

టైరాడ్_తణుకు | గురువారం, సాయంత్రం 7:02

బండి తీయకండి. రేపు నేనే వస్తాను అనాలనిపిస్తోంది కానీ మీకు అమలాపురంలోనే దగ్గర మెకానిక్‌ని పిలిపించుకోండి. లాక్ నట్ వదులుగా ఉంటే రాడ్ అమాంతం ఊడిపడదు, భయపడకండి. కానీ గుంతల్లో అదిరేకొద్దీ రాడ్ తిరిగి టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) మారిపోతుంది, మరలు అరుగుతాయి. అలా వదిలేస్తే పెద్ద ప్రమాదమే.

ఏం జరిగిందో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. మీ ఎడమ లాక్ నట్ తుప్పుతో జామ్ అయింది. షాపు కుర్రాడు దాన్ని విప్పలేకపోయాడు, లేదా విప్పడానికి ఓపిక పట్టలేదు. కుడి పక్క ఒక్కటే తిప్పి మొత్తం టో సరిచేశాడు. స్టీరింగ్ నిటారుగా పట్టి ఉంచే స్టాండ్ పెట్టకుండా, కాస్త పక్కకి తిప్పి పట్టుకుంటే మిషన్‌లో రెండు వైపులా అంకెలు సమానంగా వస్తాయి. కాగితం పచ్చగా వస్తుంది. కాగితం అబద్ధం కాదు, అందుకే షాపువాళ్లు అంత ధైర్యంగా మాట్లాడారు. మొత్తం టో నిజంగానే సరిపోయింది, టైర్లు కూడా అరగవు. కానీ నేరుగా పోవాలంటే స్టీరింగ్ ఒరగాల్సిందే. చివర్లో లాక్ నట్ బిగించడం మర్చిపోయాడు. అది మాత్రం క్షమించలేని పని.

దయచేసి ఒకటి చేయించుకోకండి. స్టీరింగ్ చక్రం ఊడదీసి, ఒక పల్లు జరిపి నిటారుగా పెట్టేస్తామని కొందరంటారు. వద్దు. ఎయిర్‌బ్యాగ్ అందులోనే ఉంది. ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే టై రాడ్లని అటూ ఇటూ జరిపే పళ్ల కడ్డీ) నడిమధ్యలో ఉండదు కాబట్టి బండి ఒక పక్కకి ఎక్కువ, ఇంకో పక్కకి తక్కువ తిరుగుతుంది. జబ్బు అలాగే ఉంటుంది, గుర్తు ఒక్కటే చెరిగిపోతుంది.

---

రావులపాలెం_టూరిస్ట్‌కారు | గురువారం, రాత్రి 7:30

కొత్త బండ్లవాళ్లకి ఇంకో మాట. స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లలో స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సార్ ఉంటుంది. స్టీరింగ్ ఒరిగి బండి నేరుగా పోతుంటే అది తికమకపడి మీటర్ మీద లైటు వెలుగుతుంది. అలైన్‌మెంట్ తర్వాత స్కానర్ పెట్టి ఆ సెన్సార్‌కి మధ్య స్థానం మళ్లీ నేర్పించాలి. మా ఓనర్ గారి బండికి లైటు వెలిగితే రెండు రోజులు ఎలక్ట్రీషియన్ చుట్టూ తిరిగాం.

---

కొబ్బరితోట_అమలాపురం | శనివారం, రాత్రి 9:00

శుక్రవారం మెకానిక్ ఇంటికే వచ్చాడు. ఎడమ లాక్ నట్‌కి పొద్దున్నే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, మధ్యాహ్నం మళ్లీ కొట్టి, మూడింటికి స్పానర్ వేశాడు. మొదట కదల్లేదు. లాక్ నట్‌ని కాస్త వేడి చేశాడు, పక్కనున్న రబ్బరుకి తడిగుడ్డ చుట్టి. "టక్" మని ఒక్క చప్పుడు, వదిలింది. ఆ చప్పుడు వినగానే మా తమ్ముడు అరిచేశాడు. కుడి పక్క మరలు లోపలికి, ఎడమ పక్క బయటికి తిప్పి, రెండు పక్కలా మరలు దాదాపు సమానం చేసి, లాక్ నట్లు రెండూ గట్టిగా బిగించాడు.

ఇవాళ పొద్దున వేరే షాపులో స్టీరింగ్‌కి స్టాండ్ పెట్టించి అలైన్‌మెంట్ చేయించాను. పక్కనే నిలబడి చూశాను. ఎడమ పక్క, కుడి పక్క రెండూ తిప్పారు. పాత సీసం ముక్కలన్నీ పీకేసి కొత్తగా బ్యాలెన్స్ చేయించాను. లాగే టైరు వెనక కుడికి పోయింది, లోపలి పక్క సుద్దతో గుర్తు పెట్టాను.

స్టీరింగ్ నిటారుగా ఉంది. బండి నడిమధ్య గీత మీద నేరుగా పోతోంది. 100లో కూడా వణుకు లేదు.

మొదటి షాపుకి వెళ్లి ఫోటోలు చూపించాను, గొడవ పడలేదు. ఓనరు గారు ఆ కుర్రాడిని పిలిచి చూపించారు. డబ్బులు ఇస్తామన్నారు. వద్దండి, ఇకనుంచి చక్రం ఎక్కించే ముందు హబ్ తుప్పు గీకండి, ఆ తీగ బ్రష్ గన్ పక్కనే వేలాడదీయండి అని అడిగి వచ్చాను. ఆయన వెంటనే ఒక బ్రష్ తెప్పించారు.

---

లంక_టీచరమ్మ | శనివారం, రాత్రి 9:25

చాలా సంతోషంగా ఉందండి. నాది కూడా చెప్పాలి. గాలి 24 ఉంది, స్టిక్కర్ మీద 32. నింపాను, బరువు పోయింది. తణుకు గారికి ధన్యవాదాలు. ఈ చర్చ చదివి నట్లు కూడా చూసుకున్నాను, అన్నీ గట్టిగా ఉన్నాయి. వరద రోజుల్లో కాజ్‌వే మీద నీళ్లలో నడిపిన బండి కాబట్టి హబ్ తుప్పు మాత్రం ఈ వారం చూపిస్తాను.

---

భీమవరం_చెరువుగట్టు | శనివారం, రాత్రి 9:40

నాది కూడా టైరే. అటూ ఇటూ మార్చగానే లాగడం రెండో పక్కకి మారింది. ఏడాదిన్నర ఎడమకి లాగుతుంటే కుడి భుజం నొప్పితో తిరిగాను.

---

కొబ్బరితోట_అమలాపురం | ఆదివారం, మధ్యాహ్నం 1:15

పాలకొల్లు నుంచి రాస్తున్నాను. దర్శనం అయింది. వచ్చేటప్పుడు దిండి దగ్గర బండి ఆపి, అమ్మ కొబ్బరిబొండం తాగుతుండగా, పదహారు నట్లకీ స్పానర్ వేసి చూశాను. ఒక్కటీ కదల్లేదు. రావులపాలెం గారు చెప్పిన 50 కిలోమీటర్లు ఇంటికి వెళ్లేసరికి పూర్తవుతాయి, రాత్రికి మళ్లీ ఒకసారి చూస్తాను.